రోమన్ విజయ నాణెం చేతికొస్తే: ఓడినవాళ్ళ వైపు నుంచి చదివే పద్ధతి

ఖర్జూరం చెట్టు కింద ఒకావిడ కూర్చుని ఉంటుంది. చెంపకు చెయ్యి ఆనించుకుని, తల దించుకుని. చెట్టుకు ఇవతల ఒక మగమనిషి నిటారుగా నిలబడి ఉంటాడు. చేతిలో ఈటె, ఎడమ కాలి కింద శత్రువు శిరస్త్రాణం. చుట్టూ రెండే మాటలు: ‘యూడియా కాప్టా’. యూదుల దేశం యూదయ పట్టుబడింది అని. క్రీ.శ. 71లో రోములో అచ్చువేసిన నాణెం ఇది. బంగారంతో చేసింది కాదు, సంతలో చేతులు మారే చిల్లర.

బంగారు నాణేలు డబ్బున్నవాళ్ళ పెట్టెల్లో ఉండేవి. రొట్టె కొనేవాడి చేతిలోకి, స్నానశాల గుమ్మం దగ్గర కూర్చున్నవాడి చేతిలోకి వెళ్ళేది ఇత్తడి, రాగి చిల్లరే. అందుకే యుద్ధం గెలిచిన కబురు మామూలు జనానికి చేరాలంటే చక్రవర్తులు దీన్ని వాడుకున్నారు. అలాంటి నాణెం ఒకటి మీ చేతికొస్తే, లేదా మ్యూజియం అద్దం వెనకో వేలం ఫొటోలోనో కనిపిస్తే, దాన్ని ఎలా చదవాలో మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. లాటిన్ రానక్కర్లేదు. ఓ పాతిక ముక్కలు గుర్తుంటే చాలు.

నాకో అలవాటుంది, ముందే చెప్పేస్తాను. గెలిచినవాడిని నేను ఆఖర్న చూస్తాను. గెలిచినవాళ్ళంతా దాదాపు ఒకేలా ఉంటారు: అదే కవచం, అదే ఈటె, అదే రెక్కల దేవత. ఏ యుద్ధమో, ఎవరి మీదో చెప్పేది ఓడినవాళ్ళ బట్టలూ టోపీలూ ఆయుధాలే.

మొదటి మెట్టు: కడగొద్దు

కొత్తవాళ్ళు మొదట చేసే పని ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. నేనూ చేశాను. నాకు దొరికిన మొదటి నాణెం నాలుగో శతాబ్దపు చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలపు చిన్న బిళ్ళ. నల్లగా మురికిపట్టి ఉంది. పండక్కి ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు పట్టించి, ఉప్పు వేసి రుద్దాను. పది నిమిషాల్లో తళతళలాడింది. పదహారు వందల ఏళ్ళుగా దాన్ని కాపాడుతూ వచ్చిన చిలుము పొర పోయింది, ఆ పొరలో మిగిలున్న అక్షరాలూ పోయాయి. ఇప్పుడది గుండ్రటి రాగి ముక్క, అంతే.

గట్టిగా, నున్నగా, ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉన్న పొర మురికి కాదు. లోహం ఏళ్ళ తరబడి గాలితో, మట్టితో కలిసి తనకు తాను కప్పుకున్న తొడుగు అది. చాలాసార్లు బొమ్మ వివరాలు ఆ పొరలోనే నిలిచి ఉంటాయి, కింది లోహంలో ఉండవు. నిమ్మరసం, వెనిగర్, ఇత్తడి సామాను తోమే పొడి, ఇనుప పీచు, ఏదీ దగ్గరికి రానివ్వకండి. పైన వదులుగా మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తోనో వెదురు పుల్లతోనో నెమ్మదిగా తీయండి. రోజులు పట్టనివ్వండి.

రెండో మెట్టు: కొలత, తూకం, లోహం

కావాల్సినవి నాలుగే. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, అంటే బంగారం పనివాళ్ళు కంటికి పెట్టుకునేలాంటిది. గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం. వెడల్పు కొలిచే ప్లాస్టిక్ కాలిపర్. ఒక టార్చి లైటు. ఇనుప కాలిపర్ వద్దు, గీతలు పడతాయి.

‘రోమన్ కంచు నాణేలు’ అనడం అందరికీ అలవాటైపోయింది గానీ, మన భాషలో రాగికి, ఇత్తడికి, కంచుకు వేర్వేరు మాటలున్నాయి, ఇక్కడ ఆ తేడా పనికొస్తుంది. మొదటి చక్రవర్తి ఆగస్టస్ నాణేలను సంస్కరించాక పెద్ద చిల్లర నాణెం సెస్టర్షియస్, దానిలో సగం విలువైన డుపాండియస్, ఈ రెండూ ఇత్తడివి. రాగిలో జింకు కలిపినవి. డుపాండియస్‌లో సగం విలువైన ఆస్ రాగిది. అసలైన కంచు, అంటే రాగి తగరం కలిసింది, అంతకుముందు గణతంత్ర కాలంలోనూ, తర్వాతి శతాబ్దాల చిల్లరలోనూ కనిపిస్తుంది. చిలుము ఎక్కడైనా పెచ్చు ఊడిన చోట టార్చి వేసి చూస్తే ఇత్తడైతే పసుపు ఛాయ, రాగైతే ఎరుపు ఛాయ కనబడుతుంది. కనబడటం కోసం గీకి మాత్రం చూడకండి.

మంచి కాలపు సెస్టర్షియస్ 32 నుంచి 35 మిల్లీమీటర్ల వెడల్పు, 25 గ్రాముల దగ్గర తూకం. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు. అలాంటివి మూడు కలిపినా సెస్టర్షియస్‌కి తూగవు. అరచేతిలో పెడితే ఆ బరువు తెలుస్తుంది. ఆస్ వెడల్పు సుమారుగా మన పది రూపాయల బిళ్ళంత, తూకం 10, 11 గ్రాములు. డుపాండియస్ దానికంటే ఓ గ్రామో రెండో ఎక్కువ. చిలుము కప్పేశాక ఈ రెండూ ఒకేలా కనిపించి తికమక పెడతాయి. అప్పుడు చక్రవర్తి తల చూడాలి. నీరో కాలం నుంచి సూర్యకిరణాల్లా ముళ్ళున్న కిరీటం ఉంటే సాధారణంగా డుపాండియస్, ఆకుల దండ ఉంటే ఆస్. మినహాయింపులు ఉన్నాయి, కానీ ఈ గుర్తుతో చాలావరకు పని జరుగుతుంది. నాలుగు ఆస్‌లు ఒక సెస్టర్షియస్, నాలుగు సెస్టర్షియస్‌లు ఒక వెండి దీనారియస్.

మూడో మెట్టు: బొమ్మ వైపు అక్షరాలతో ఏడాది పట్టుకోవడం

చిన్నప్పటి బొమ్మా బొరుసా ఆట మాటలే ఇక్కడా సరిపోతాయి. చక్రవర్తి తల ఉన్నది బొమ్మ. దాని చుట్టూ ఉన్న అక్షరాలు మామూలుగా ఎడమ కింది వైపు మొదలై గడియారం ముల్లు తిరిగే దిక్కులో సాగుతాయి. మాటల మధ్య ఖాళీలు ఉండవు, లేదా ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ‘యు’ అక్షరం లేదు, దాని చోట ‘వి’ చెక్కుతారు. ‘జె’ లేదు, దాని చోట ‘ఐ’. ఈ రెండు సంగతులు తెలిస్తే సగం భయం పోతుంది.

మొదట చూసిన యూదయ నాణెం వేయించింది వెస్పాసియన్ చక్రవర్తి. దాని మీదున్నది ముక్కలు ముక్కలుగా చదువుదాం. ‘ఐ ఎం పి’ అంటే ఇంపరేటర్, సేనాధిపతి. ‘సి ఏ ఈ ఎస్’ సీజర్. తర్వాత పేరు, వెస్పాసియన్. ‘ఏ వి జి’ ఆగస్టస్, ఇది చక్రవర్తుల బిరుదు. ‘పి ఎం’ పొంటిఫెక్స్ మాక్సిమస్, ప్రధాన పురోహితుడు. ‘టి ఆర్ పి’ ట్రిబ్యూన్ అధికారం, అంటే ప్రజల ప్రతినిధికుండే అధికారం. ‘పి పి’ దేశానికి తండ్రి. ‘సి ఓ ఎస్’ కాన్సుల్, అంటే రోములో పెద్ద పదవి, దాని పక్కన మూడు నిలువు గీతలు. అంటే మూడోసారి కాన్సుల్. వెస్పాసియన్ మూడోసారి కాన్సుల్ అయింది 71లో, మరుసటి ఏడాది నాలుగోసారి అయ్యాడు. కాబట్టి నాణెం 71 నాటిది. తేదీ వేయని నాణేనికి తేదీ ఇలా దొరుకుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మళ్ళీ కాన్సుల్ అయ్యేదాకా పాత అంకే నడుస్తుంది. ట్రాజన్ ఐదోసారి కాన్సుల్ అయింది 103లో, ఆరోసారి 112లో. అంటే ఐదు అంకె ఉన్న నాణెం 103, 111 మధ్య ఎప్పటిదైనా కావచ్చు. అదే ట్రిబ్యూన్ అధికారం ఏటా పెరుగుతుంది, కాబట్టి దాని పక్కన అంకె ఉంటే ఏడాది కచ్చితంగా చెప్పొచ్చు.

విజయ నాణేలకు అన్నిటికంటే పనికొచ్చేవి బిరుదులు. ఏ జాతిని ఓడించానంటే ఆ జాతి పేరు చక్రవర్తి తన పేరుకు తగిలించుకుంటాడు. ట్రాజన్‌కు 102 చివర్లో ‘డాసికస్’, 116లో ‘పార్థికస్’ చేరాయి. మార్కస్ ఆరీలియస్ పేరులో ‘అర్మెనియాకస్’ కనిపిస్తే 164 తర్వాతిది, ‘పార్థికస్ మాక్సిమస్’ కనిపిస్తే 166 తర్వాతిది, ‘జర్మానికస్’ ఉంటే 172, ‘సర్మాటికస్’ ఉంటే 175 తర్వాతిది. ఒకే మనిషి పేరు ఏళ్ళు గడిచేకొద్దీ రైలుపెట్టెల్లా పొడవవుతూ పోతుంది. ఒక జాగ్రత్త మాత్రం: ‘జర్మానికస్’ కొందరికి గెలిచి సంపాదించిన బిరుదు, కొందరికి తాతతండ్రుల నుంచి వచ్చిన ఇంటిపేరు లాంటిది. కలిగులా, క్లాడియస్, నీరోల పేర్లలో అది రెండో రకం.

నాలుగో మెట్టు: బొరుసు వైపు ఓడినవాళ్ళను వెతకడం

నాణెం తిప్పండి. మధ్యలోనో అడుగునో విడివిడిగా ‘ఎస్ సి’ అని రెండు అక్షరాలు కనిపిస్తే తొలి మూడు శతాబ్దాల ఇత్తడి, రాగి నాణెం అనుకోవచ్చు. సెనేట్, అంటే రోమన్ పెద్దల సభ, ఆజ్ఞ ప్రకారం అని దానర్థం.

ఇప్పుడు బొమ్మలో కింద కూర్చున్నవాళ్ళు, కట్టేసి ఉన్నవాళ్ళు, మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు ఎవరో చూడండి. పొడవాటి కోసు టోపీ, కొడవలిలా వంగిన కత్తి ఉంటే డేసియన్లు, అంటే ఇప్పటి రుమేనియా వైపు వాళ్ళు. ప్యాంటు లాంటి వదులు వస్త్రం, టోపీ, పక్కన విల్లూ అంబులపొదీ ఉంటే పార్థియన్లు, అంటే ఇప్పటి ఇరాన్ వైపు వాళ్ళు. ఆరు పలకల పొడవాటి డాలు, దాదాపు ఒంటి మీద బట్ట లేకపోవడం లేదా భుజం మీద ఒక్క దుప్పటి ఉంటే జర్మన్లు. ఖర్జూరం చెట్టు యూదయ. మొసలి ఈజిప్టు.

అరిగిపోయిన నాణెంలో టోపీ మిగలకపోవచ్చు, డాలు ఆకారం మిగలొచ్చు. ఒక్క గుర్తు మీద ఆధారపడకుండా కనీసం రెండు కలిసేదాకా ఆగండి. టార్చిని నాణేనికి పక్కగా, దాదాపు బల్లకు ఆనించినట్టు పట్టుకుని తిప్పుతూ చూస్తే ఎదురు వెలుతురులో కనిపించని గీతలు నీడలుగా లేస్తాయి. నాకు తెలిసి ఈ పనిలో ఖర్చులేని గొప్ప పరికరం ఇదే.

తర్వాత సామాను. మానుకు శిరస్త్రాణం తొడిగి, కవచం కట్టి, అటూ ఇటూ డాళ్ళు వేలాడదీసిన బొమ్మ ఒకటి తరచూ కనిపిస్తుంది. చూడటానికి పొలంలో దిష్టిబొమ్మలా ఉంటుంది. యుద్ధభూమిలో ఓడినవాళ్ళ ఆయుధాలతో నిలబెట్టే జయచిహ్నం అది. దాని పాదాల దగ్గర తరచుగా ఇద్దరు బందీలుంటారు. రెక్కలున్న స్త్రీ విక్టోరియా, విజయదేవత. ఒక చేతిలో ఆకుల దండ, ఇంకో చేతిలో తాటిమట్టలాంటి కొమ్మ. ఒక్కోసారి ఆవిడ డాలు మీద ఏదో రాస్తూ ఉంటుంది. ఆ డాలు మీద భూతద్దం పెట్టండి. మార్కస్ ఆరీలియస్ నాణేల మీద అక్కడ జర్మన్ విజయం అని, ఆయనతో కలిసి పాలించిన లూసియస్ వేరస్ నాణేల మీద పార్థియన్ విజయం అని రెండు చిన్న ముక్కల్లో రాసి ఉంటుంది. చుట్టూ ఉన్న పెద్ద అక్షరాలు అరిగిపోయినా ఈ చిన్నవి మిగిలిన సందర్భాలుంటాయి.

చివరగా మాటలు. ‘కాప్టా’ పట్టుబడింది. ‘డెవిక్టా’ పూర్తిగా ఓడింది. ‘సుబాక్టా’ లొంగిపోయింది. ‘వి ఐ సి టి’ కనిపిస్తే విజయం. ‘సిగ్నిస్ రిసెప్ట్’ అంటే శత్రువుకు పోయిన సైనిక ధ్వజాలు తిరిగి తెచ్చుకున్నాం అని.

ఓడినవాళ్ళ బొమ్మల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది బ్రిటానియా. ఆంటోనైనస్ పయస్ కాలంలో, 154, 155లలో వేసిన రాగి ఆస్ మీద ఆవిడ బండ మీద కూర్చుని, తల చేతికి ఆనించుకుని దిగులుగా ఉంటుంది. ఈ ఆస్‌లు ఎక్కువగా బ్రిటన్‌లోనే దొరుకుతాయి. అంటే ఓడినవాళ్ళ దేశంలోనే, వాళ్ళ దిగులు బొమ్మతోనే వాళ్ళు ఉప్పూ పప్పూ కొనుక్కున్నారన్నమాట. పదిహేను వందల ఏళ్ళు గడిచాక, 1672లో, ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ తన రాగి నాణేల మీద అదే బ్రిటానియాను కూర్చోబెట్టాడు, ఈసారి గర్వంగా. తర్వాత ఆవిడే ఆ దేశానికి గుర్తయిపోయింది.

ఐదో మెట్టు: చక్రవర్తి చెప్పిందాన్ని చరిత్రతో సరిచూడటం

నాణెం గుర్తుపట్టడంతో పని అయిపోయిందనుకునేవాళ్ళు చాలామంది. నాకైతే అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఈ నాణేన్ని వేయించింది గెలిచానని చెప్పుకుంటున్నవాడే. కాబట్టి మూడు ప్రశ్నలు వేయాలి. యుద్ధం నిజంగా అయిపోయిందా? గెలిచింది ఇతనేనా? ఎందుకు ఇప్పుడే చెబుతున్నాడు?

యూదయ నాణేన్నే తీసుకోండి. 70లో జెరూసలేం నగరాన్ని పట్టుకున్నది వెస్పాసియన్ కాదు, ఆయన కొడుకు టైటస్. 71లో రోములో తండ్రీకొడుకులు కలిసి విజయోత్సవం చేసుకున్నారు. నాణేలు వేసేనాటికి యుద్ధం పూర్తిగా ముగియలేదు కూడా, మసాడా కోట ఆ తర్వాతే పడింది. మరి అంత తొందర దేనికి? వెస్పాసియన్ రాజవంశంవాడు కాదు. 69లో రోమన్లు రోమన్లతో కొట్టుకున్న అంతర్యుద్ధంలో నెగ్గి సింహాసనం ఎక్కాడు. సొంతవాళ్ళను చంపి గెలిచానని నాణెం మీద వేసుకోలేడు కదా. పరాయి దేశం మీద గెలుపు కావాలి, అదీ పెద్దగా కనబడాలి. అందుకే బంగారం, వెండి, ఇత్తడి, రాగి అన్నిటిమీదా ఆ ఖర్జూరం చెట్టు. టైటస్ రాజయ్యాకా వేశారు. యూదయలోనే, అక్కడివాళ్ళు చదువుకునేలా గ్రీకు అక్షరాలతో కూడా వేశారు.

టైటస్ తర్వాతి చక్రవర్తి డొమిషియన్ సంగతి ఇంకా సరదా. 83లో చట్టీ అనే జర్మన్ తెగ మీద యుద్ధం చేసి, 85 నుంచి ‘జర్మేనియా కాప్టా’ అని పెద్ద సెస్టర్షియస్‌లు వేయించాడు. మధ్యలో జయచిహ్నం, ఒకవైపు ఏడుస్తూ కూర్చున్న జర్మన్ స్త్రీ, రెండోవైపు చేతులు వెనక్కి కట్టిన మగవాడు. బొమ్మ చాలా బాగుంటుంది. కానీ చరిత్రకారుడు టాసిటస్ ఆ విజయోత్సవాన్ని ఎగతాళి చేశాడు. బందీల్లా కనిపించేలా బట్టలూ జుట్టూ సవరించిన బానిసలను సంతలో కొనుక్కొచ్చారని రాశాడు. టాసిటస్‌కు డొమిషియన్ అంటే పడదు, అదీ లెక్కలో వేసుకోవాలి. రైన్ నదికి అవతల ఉన్న జర్మనీ అంతా మాత్రం ఎప్పుడూ పట్టుబడలేదు.

అదే జర్మనీ మీద ఇంకో నాణెం. క్రీ.శ. 9లో జర్మనీలోని ట్యూటోబర్గ్ అడవిలో రోమన్లు మూడు లీజియన్లను, అంటే మూడు పెద్ద సేనాదళాలను, వాటి గద్ద ధ్వజాలను పోగొట్టుకున్నారు. తర్వాత జర్మానికస్ అనే సేనాని దండెత్తి వాటిలో రెండు తిరిగి తెచ్చి, 17లో రథమెక్కి విజయోత్సవం చేసుకున్నాడు. ఆయన కొడుకు కలిగులా రాజయ్యాక తండ్రి జ్ఞాపకంగా వేయించిన డుపాండియస్ మీద ఆ రథం ఉంటుంది, వెనకవైపు చేతిలో గద్ద ధ్వజంతో జర్మానికస్ నిలబడి ఉంటాడు. చుట్టూ, ధ్వజాలు తిరిగొచ్చాయి, జర్మన్లు ఓడారు అని. మూడో గద్ద అప్పటికింకా జర్మన్ల దగ్గరే ఉంది. అది 41లో గానీ దొరకలేదు.

ట్రాజన్ దగ్గరకొస్తే సంగతి మారుతుంది. 101, 102లలో ఒకటి, 105, 106లలో ఒకటి, రెండు యుద్ధాలు చేసి డేసియాను నిజంగానే కలుపుకున్నాడు. ఒక నది దేవుడి రూపంలో వచ్చి డేసియా స్త్రీని మోకాలితో నేలకు అదుముతున్న సెస్టర్షియస్ ఒకటుంది. చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కొన్నేళ్ళ తర్వాత వేసిన నాణెం మీద అదే డేసియా బండ మీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది, దగ్గర పిల్లలు, చేతుల్లో కంకులు, ద్రాక్ష. ఈ రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి చూడండి. పాలించడం అంటే వాళ్ళు ఏమనుకున్నారో అందులోనే ఉంది.

ఆ ట్రాజనే 116లో ‘అర్మేనియా, మెసపటేమియా రోమన్ ప్రజల అధీనంలోకి వచ్చాయి’ అని పొడవాటి వాక్యంతో సెస్టర్షియస్ వేయించాడు. కాళ్ళ దగ్గర అర్మేనియా, అటూ ఇటూ యూఫ్రటీస్, టైగ్రిస్ నదులు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. తర్వాత వచ్చిన హేడ్రియన్ ఆ కొత్త రాజ్యాలను వదిలేశాడు. నాణెం ఇప్పటికీ ఉంది, అది చెప్పిన రాజ్యం ఎక్కువకాలం నిలవలేదు.

ఆరో మెట్టు: చిన్న బిళ్ళలతో మొదలుపెట్టడం

పైన చెప్పిన పెద్ద నాణేలు బాగున్నవి కొనాలంటే జేబు చిల్లు పడుతుంది, ముఖ్యంగా యూదయ రకం. చేత్తో పట్టుకుని నేర్చుకోవాలంటే నాలుగో శతాబ్దపు చిన్న కంచు నాణేలు మేలు. లక్షల్లో అచ్చువేశారు కాబట్టి ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి.

వెతకాల్సింది కాన్‌స్టంటైన్ వేయించిన ‘సర్మేషియా డెవిక్టా’, అంటే సర్మాటియన్ల దేశం ఓడింది అని. 323, 324 ప్రాంతంలోది. మన రూపాయి బిళ్ళకంటే కొంచెం చిన్నది, మూడు గ్రాముల దగ్గర తూకం. విక్టోరియా జయచిహ్నం, కొమ్మ పట్టుకుని కుడివైపు నడుస్తుంటుంది, ఆవిడ కాళ్ళ దగ్గర ఒక బందీ. ఇది చేతిలో ఉంటే టంకశాల గుర్తు చదవడం కూడా నేర్చుకోవచ్చు. బొమ్మ అడుగున గీత కింద ఉన్న అక్షరాలు చూడండి. ‘టి ఆర్’ ఉంటే ట్రయర్, ‘ఎల్ ఓ ఎన్’ ఉంటే లండన్, ‘ఎస్ ఐ ఆర్ ఎం’ ఉంటే సిర్మియం, ఇప్పటి సెర్బియాలోది. ముందున్న ‘పి’, ‘ఎస్’ లాంటి అక్షరాలు ఆ టంకశాలలో ఏ విభాగమో చెబుతాయి. కాన్‌స్టంటైన్ కొడుకు క్రిస్పస్ పేరుతో సిర్మియంలో వేసిన ‘అలమానియా డెవిక్టా’ (అలమాన్ని అనే జర్మన్ తెగల మీద గెలుపు) దీనికి తమ్ముడి లాంటిది, కాస్త అరుదు.

348 తర్వాత కనిపించేది గుర్రం మీంచి పడుతున్న శత్రువును రోమన్ సైనికుడు ఈటెతో పొడుస్తున్న బొమ్మ. చుట్టూ ‘ఫెల్ టెంప్ రిపరేషియో’, మంచిరోజులు తిరిగొచ్చాయి అని. ఇక్కడ ఏ యుద్ధమో పేరు లేదు. గెలుపు ఒక నినాదం అయిపోయింది. మంచిరోజులు రాలేదన్నది వేరే సంగతి.

ఏడో మెట్టు: నంబరు పట్టుకోవడం

మీరు చదివినవాటిని ఇప్పుడు కేటలాగుతో పోల్చాలి. ‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ అనే పలు సంపుటాల జాబితాలోని నంబర్లనే అందరూ వాడతారు. అవి కొనాల్సిన పని లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ళు ‘ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్’ పేరుతో ఆ జాబితాను ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు, మ్యూజియంల ఫొటోలతో సహా. చక్రవర్తి పేరు, నాణెం రకం ఎంచుకుని, బొరుసు మీద మీకు కనిపించిన నాలుగు అక్షరాలు కొడితే చాలు. వచ్చిన వాటిలో బొమ్మలు మీదాంతో ఒక్కొక్కటే పోల్చుకోండి. ఖర్జూరం చెట్టుకు ఎడమవైపు చక్రవర్తి ఉన్నాడా, చేతులు కట్టిన బందీ ఉన్నాడా అన్నదాన్ని బట్టి నంబరు మారిపోతుంది.

ఎనిమిదో మెట్టు: దొంగ సరుకు

విజయ నాణేలకు గిరాకీ ఎక్కువ, కాబట్టి దొంగవీ ఎక్కువ. అసలు నాణెం ఎలా పుట్టిందో గుర్తుంచుకుంటే పట్టుకోవడం తేలిక. వేడిచేసిన లోహపు బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టారు. అందుకే బొమ్మ పక్కకు జరిగి ఉండొచ్చు, అంచు చీలి ఉండొచ్చు. ఇవి లోపాలు కావు, నమ్మకం కలిగించేవి. నకిలీలు చాలావరకు పోతపోసినవి. అంచు చుట్టూ అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులు, ఉపరితలం మీద సన్నటి గాలిబుడగల గుంతలు, సబ్బుబిళ్ళలా మెత్తబడ్డ అక్షరాలు చూడండి. తూకం తేడా ఉంటే అనుమానించండి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చూడక్కర్లేదు. ఒకే అమ్మకందారు దగ్గర ఒకే చోట ఒకే గీత, ఒకే చీలిక ఉన్న రెండు నాణేలు కనిపిస్తే రెండూ వదిలేయండి.

నకిలీలన్నీ మోసం కోసం చేసినవి కావు. పదహారో శతాబ్దంలో పాడువా నగరంలో జొవన్నీ ద కవీనో అనే శిల్పి రోమన్ సెస్టర్షియస్‌లను పోలినవి అద్భుతంగా చేశాడు. వాటిని ఇప్పుడు విడిగా సేకరించేవాళ్ళున్నారు.

నకిలీకంటే పట్టుకోవడం కష్టమైనది ఇంకొకటి: నాణెం అసలుదే, కానీ అరిగిపోయిన బొమ్మను ఎవరో ఈమధ్య ఉలితో మళ్ళీ చెక్కి ఉంటారు. జుట్టు పాయలు మరీ పదునుగా ఉండి పక్కనే అక్షరాలు మొద్దుగా ఉన్నాయా, అక్షరాల చుట్టూ నేల పల్లంగా ఉందా చూడండి. పెద్ద సెస్టర్షియస్‌లలో ఇది సర్వసాధారణం. ఫొటో మాత్రమే చూసి కొనేటప్పుడు నాకు ఇప్పటికీ టెన్షనే.

తొమ్మిదో మెట్టు: మన వాతావరణంలో దాచడం

విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవాలి. లోహంలో ఇరుక్కున్న క్లోరైడ్లు, అంటే ఉప్పు లాంటి లవణాలు, గాలిలో తేమ తగిలితే పనిచేయడం మొదలుపెట్టి నాణేన్ని లోపల్నుంచి తింటాయి. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా లేస్తుంది. పళ్ళు కుట్టుకునే పుల్లతో తాకండి. గట్టిగా ఉంటే మంచి చిలుము, పొడిలా రాలితే జబ్బు. జబ్బుదాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. పొడి తీసేసి, డిస్టిల్డ్ వాటర్‌లో రోజుల తరబడి నీళ్ళు మారుస్తూ నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టండి. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పొట్లాలు అప్పుడప్పుడు మార్చండి. ఏళ్ళు గడిస్తే జిడ్డుగా మారే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, ఆమ్లం లేని కాగితపు కవర్లు మంచివి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి.

పదో మెట్టు: మన నేల, మన చట్టం

‘మా పొలంలో రోమన్ నాణెం దొరికింది, ఇందులో ఏదైనా కావచ్చా?’ అనే సందేహం రావచ్చు. తెలుగు నేల మీద రోమన్ నాణేలు దొరికాయి, నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో వెండి దీనారియస్‌ల పెద్ద నిధే దొరికింది. నాగార్జునకొండ శాసనంలో ‘దీనారి మాషకాలు’ అనే మాట కూడా ఉంది, దీనారియస్ మాట ఎంత దూరం వచ్చిందో చూడండి. కానీ సముద్రం దాటి మన దగ్గరకు వచ్చింది ప్రధానంగా బంగారం, వెండి. మిరియాలకూ బట్టలకూ ఇత్తడి చిల్లర ఎవరు తీసుకుంటారు? చివరి కాలపు చిన్న కంచు బిళ్ళలు మాత్రం తమిళనాడులో, శ్రీలంకలో దొరికాయి.

నేలలో ఏది దొరికినా దాచుకోవద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే జిల్లా కలెక్టర్‌కు తెలియజేయాలి. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని మామూలు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కుర్రాడికి పుట్టినరోజు కానుకగా సూట్‌కేసులో పెట్టి పంపుదామనుకుంటే చిక్కుల్లో పడతారు. అక్కడ కొనుక్కునేవాళ్ళు కూడా ఆ నాణెం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే పాత బిల్లు, వేలం కాగితం అడిగి తీసుకోవాలి. కొన్ని దేశాల ప్రాచీన నాణేలను అమెరికాలోకి తేవడంపై ఆంక్షలున్నాయి.

ఇక మిగిలింది చీటీ. ప్రతి నాణేనికీ ఒక అట్టముక్క రాయండి. నేను రాసేది ఇలా ఉంటుంది: ‘వెస్పాసియన్. సెస్టర్షియస్, ఇత్తడి. రోము, 71. వెడల్పు, తూకం, కేటలాగు నంబరు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నాను.’ దాని కింద ఇంకో గీత గీసి, ‘బొరుసు’ అని రాసి, మొదట కూర్చున్నావిడ గురించి రాస్తాను: ‘ఖర్జూరం కింద స్త్రీ, చెంపకు చెయ్యి, కవచం మీద కూర్చుంది.’ నిలబడ్డవాడి వివరాలు చోటు మిగిలితే.